పాట ఆగకుండా టొరెంట్ దిగుతుందా? క్యూబిట్‌టొరెంట్ సమీక్ష

వంద ఎంబీపీఎస్ ఫైబర్ లైను మీద ఒక పక్క టొరెంట్ ద్వారా ఉబుంటు లినక్స్ ఇన్‌స్టాల్ ఫైలు దిగుతోంది, ఇంకో పక్క బ్రౌజర్ ట్యాబులో పాటలు మోగుతున్నాయి. లెక్క ప్రకారం ఈ రెండింటికీ తగువు రాకూడదు. స్పాటిఫై వెబ్ ప్లేయర్ ఉచిత ఖాతాకు 128 కేబీపీఎస్, ప్రీమియం ఖాతాకు 256 కేబీపీఎస్ వేగంతో ఏఏసీ రూపంలో పాట ఇస్తుంది. అంటే సెకనుకు 16 కిలోబైట్లు, లేదా 32. జియోసావన్ ప్రోలో 320 కేబీపీఎస్ పెట్టుకున్నా 40 కిలోబైట్లే. నాలుగు నిమిషాల పాట మొత్తం 10 మెగాబైట్లు దాటదు. వంద ఎంబీపీఎస్‌లో ఈ 320 కేబీపీఎస్ మూడువందల్లో ఒక వంతుకు కాస్త అటూఇటూ. అయినా పాట ఆగుతుంది. తర్వాతి పాట నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంటుంది.

అప్పుడు కొందరు టొరెంట్ క్లయింట్‌ని, అంటే టొరెంట్లు దించే సాఫ్ట్‌వేర్‌ని, తీసి పారేస్తారు, కొందరు నెట్ కంపెనీకి ఫోన్ చేస్తారు. రెండూ అక్కర్లేదు. అలాంటి క్లయింట్లలో ఒకటైన క్యూబిట్‌టొరెంట్‌లో దీనికి కావాల్సిన మీటలన్నీ ఉన్నాయి. చిక్కల్లా ఏమిటంటే, ఇన్‌స్టాల్ చేసిన రోజున అవన్నీ పూర్తిగా తెరిచి ఉంటాయి. ఏది ఎంత బిగించాలో చెప్పేవాళ్లు ఉండరు. ఈ సమీక్షలో చూసేది ఆ ఒక్క కోణమే: పక్కన బ్రౌజర్‌లో సంగీతం నడుస్తున్నప్పుడు ఈ సాఫ్ట్‌వేర్ ఎంత మర్యాదగా ఉంటుంది, ఉండకపోతే ఎలా దారికి తేవాలి అన్నది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2006లో క్రిస్టోఫ్ డ్యూమెజ్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇది. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటికీ దొరుకుతుంది. ధర లేదు, ప్రకటనలు లేవు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మరో సాఫ్ట్‌వేర్‌ని అంటగట్టడం లేదు. లోపల పనిచేసే ఇంజను లిబ్‌టొరెంట్. దించుకునేటప్పుడు డాట్ ఆర్గ్ చిరునామా ఉన్న సైటుకే వెళ్లండి, డాట్ కామ్ ఈ ప్రాజెక్టుది కాదు. వెర్షన్ 5.0.1 కంటే పాతది వాడుతుంటే వెంటనే మార్చండి. 2010 నుంచి 2024 అక్టోబరు దాకా ఈ సాఫ్ట్‌వేర్ కొన్ని డౌన్‌లోడ్ల విషయంలో, అవతలి సైటు అసలుదేనని రుజువు చేసే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ తప్పుల్ని పట్టించుకోలేదు. ఆ లోపాన్ని సరిచేసింది 5.0.1లోనే. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారులే అనుకునేవాళ్లు ఆ 14 ఏళ్ల సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అడ్డు డౌన్‌లోడ్ దగ్గర లేదు

టొరెంట్ అంటే దించుకోవడమే అనుకుంటాం కానీ, దిగిన ప్రతి ముక్కనీ అది అదే సమయంలో ఇంకొకరికి పంపుతూ ఉంటుంది. పాటను చెడగొట్టేది ఎక్కువగా ఈ అప్‌లోడే.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్లేవాళ్లకి పంతంగి టోల్‌ప్లాజా సంగతి వేరే చెప్పక్కర్లేదు. రోడ్డు వెడల్పుగానే ఉంటుంది, గేటు దగ్గర మాత్రం వరస కిలోమీటర్లు సాగుతుంది. ఆ వరసలో అర్జెంటు పని మీద వచ్చిన బైకు కూడా లారీల వెనకే నిలబడాలి. ఇంట్లో ఫైబర్ డబ్బా లోపల జరిగేదీ ఇదే. బయటికి వెళ్లాల్సిన ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, లైను వేగం కంటే ఎక్కువ వస్తే, రౌటర్ వాటిని పారేయకుండా తన మెమరీలో వరస కట్టిస్తుంది. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ లైను మీద ఒక మెగాబైటు వరస పేరుకుందంటే, చివర్లో చేరిన ప్యాకెట్ గడప దాటడానికి 0.8 సెకను పడుతుంది. 5 ఎంబీపీఎస్ లైనైతే 1.6 సెకన్లు. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. బ్రౌజర్ పంపే ప్రతి చిన్న అభ్యర్థనా, వచ్చిన డేటా అందిందని చెప్పే ప్రతి రసీదూ ఈ వరస చివరకే చేరతాయి.

అందుకే మోగుతున్న పాట అంత తొందరగా ఆగదు. ప్లేయర్ ముందే కొంత భాగం తెచ్చి దాచుకుంటుంది కాబట్టి నెట్టుకొస్తుంది. తడబడేది తర్వాతి పాట మొదలయ్యేచోట, లేదా మధ్యలోకి జరిపినప్పుడు. కొత్త పాట రావాలంటే డీఎన్‌ఎస్‌ని సర్వర్ చిరునామా అడగాలి, టీసీపీ పద్ధతిలో ఆ సర్వర్‌తో చేయి కలపాలి, టీఎల్‌ఎస్ రహస్య తాళాలు మార్చుకోవాలి, పాట విప్పడానికి డీఆర్‌ఎం లైసెన్సు తెచ్చుకోవాలి, ఆ తర్వాత మొదటి ముక్క అడగాలి. ఇవి ఒకదాని తర్వాత ఒకటి జరిగే అయిదు రాకపోకలు. మామూలుగా ఒక్కోదానికి 20 మిల్లీసెకన్లయితే కనురెప్ప వేసేలోపు అయిపోతుంది. అదే 800 మిల్లీసెకన్లయితే నాలుగు సెకన్లు. స్పీడ్ టెస్టులో వంద చూపిస్తున్నా పాట మొదలవకపోవడానికి కారణం ఇదే.

మీ ఇంట్లో ఇదే జరుగుతోందో లేదో తేల్చుకోవడం సులువు. టొరెంట్లన్నీ ఆపి ఫాస్ట్ డాట్ కామ్ తెరవండి. పరీక్ష అయ్యాక మరిన్ని వివరాలు అన్న మీట నొక్కితే, లైను ఖాళీగా ఉన్నప్పటి లేటెన్సీ (ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే సమయం), నిండుగా ఉన్నప్పటి లేటెన్సీ విడివిడిగా కనిపిస్తాయి. అక్కడే సెట్టింగుల్లో అప్‌లోడ్ సమయంలో కూడా కొలవమనే టిక్కు ఉంటుంది, అది పెట్టి మళ్లీ కొలవండి. ఖాళీగా ఉన్నప్పుడు 8 మిల్లీసెకన్లు, నిండినప్పుడు 40 వస్తే బెంగలేదు. 8 కాస్తా 600 అయిందంటే జబ్బు దొరికినట్టే. ఈ పేజీలో కనిపించే అప్‌లోడ్ వేగాన్ని ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ప్లానులో రాసిన అంకె కాదు, ఇక్కడ కొలిచిన అంకె.

పక్కన రెండు సున్నాలు

క్యూబిట్‌టొరెంట్‌లో టూల్స్ మెనూ తెరిచి ఆప్షన్స్, అందులో స్పీడ్ విభాగానికి వెళ్లండి. పైన గ్లోబల్ రేట్ లిమిట్స్ కింద అప్‌లోడ్, డౌన్‌లోడ్ గడులు రెండుంటాయి. వాటిలో ఉన్న అనంతం గుర్తుకి హద్దు లేదని అర్థం. అదే మన తలనొప్పి.

ఇక్కడ యూనిట్ల తికమక ఉంది. నెట్ కంపెనీ చెప్పేది ఎంబీపీఎస్, అంటే మెగాబిట్లు. ఈ గడి అడిగేది సెకనుకు ఎన్ని కేఐబీలని, అంటే 1024 బైట్ల లెక్క. ఒక ఎంబీపీఎస్ సుమారు 122 కేఐబీలకు సమానం. లైను వేగంలో 80 శాతం దాకానే టొరెంట్‌కి వదిలితే రౌటర్‌లో వరస పేరుకోదు. 122లో 80 శాతం దాదాపు వంద. కాబట్టి సూత్రం చిన్నది: కాగితం మీద రాసుకున్న అప్‌లోడ్ ఎంబీపీఎస్ పక్కన రెండు సున్నాలు చేర్చండి. 5 అయితే 500, 30 అయితే 3000. క్యాలిక్యులేటర్ అక్కర్లేదు.

వైఫై మీద కొలిచిన అంకె రోజుకో రకంగా ఉంటుంది కాబట్టి, మూడుసార్లు కొలిచి తక్కువ వచ్చినదాన్ని తీసుకోండి. పల్లెల్లో కేబుల్ ఆపరేటర్ ద్వారా వచ్చే లైన్లలో రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య వేగం పడిపోతుంటే, ఆ వేళప్పుడు కొలిచినదే అసలు అంకె.

ఆ గడుల కిందే మూడు టిక్కులుంటాయి. యూటీపీకి (టొరెంట్ వాడే ఒక రవాణా పద్ధతి, దాని సంగతి కింద వస్తుంది) కూడా హద్దు వర్తించాలన్నది మొదట్నుంచీ పెట్టే ఉంటుంది, దాన్ని కదపొద్దు. రవాణా ఓవర్‌హెడ్‌కి వర్తించాలన్నది మామూలుగా ఖాళీగా ఉంటుంది. దాన్ని పెట్టండి. వంద ఎంబీపీఎస్ వేగంతో డేటా దిగుతున్నప్పుడు, అందింది అని చెప్పే రసీదులే అప్‌లోడ్ వైపు దాదాపు 2 ఎంబీపీఎస్ తింటాయి. అప్‌లోడ్ 50 ఉన్నవాళ్లకి అది లెక్కలోకి రాదు. అప్‌లోడ్ 5 మాత్రమే ఉన్న లైను మీద అది సగానికి దగ్గర. టిక్కు లేకపోతే క్యూబిట్‌టొరెంట్ ఆ రసీదుల బరువుని లెక్కలో వేసుకోదు. 500 అని హద్దు పెట్టాక కూడా పాట ఎందుకు నత్తిగా వస్తోందని తల పట్టుకునేవాళ్లలో చాలామంది మరిచేది ఈ టిక్కునే. మూడోది ఇంట్లోని లోకల్ నెట్‌వర్క్‌కి సంబంధించినది, ఈ పనికి దానితో అవసరం లేదు.

డౌన్‌లోడ్ గడిలో కూడా అదే సూత్రం పెట్టొచ్చు కానీ, వంద ఎంబీపీఎస్ లైన్ల మీద అది అంత అత్యవసరం కాదు. చిన్న లైన్ల మీద కథ వేరు. లైను నిండినప్పుడు వేగం కనెక్షన్ల మధ్య ఇంచుమించు సమానంగా పంచుకోబడుతుంది. 15 ఎంబీపీఎస్ లైను మీద టొరెంట్‌కి 60 కనెక్షన్లు, బ్రౌజర్ పాటకి ఒక్కటి ఉన్నాయనుకోండి. పాట వాటాకి వచ్చేది సుమారు 250 కేబీపీఎస్. 256 పాటకి అది అంచు మీద నడకే. ఫోన్ హాట్‌స్పాట్ మీద 10 ఎంబీపీఎస్, వంద మంది పీర్లు (టొరెంట్ పంచుకునే అవతలివాళ్లు) అయితే పాటకి దక్కేది 100 కేబీపీఎస్. 128 కూడా నడవదు. ఇలాంటిచోట డౌన్‌లోడ్ హద్దు పెట్టి తీరాలి. కనెక్షన్లు తగ్గించడం ఇంకా మేలు.

కనెక్షన్ల లెక్క, డబ్బా ఓపిక

ఆప్షన్స్‌లో కనెక్షన్ విభాగం చూస్తే మొత్తం కనెక్షన్లు 500, ఒక్కో టొరెంట్‌కి 100, అప్‌లోడ్ స్లాట్లు (ఒకేసారి ఎంతమందికి పంపాలి అన్నది) మొత్తం 20, ఒక్కో టొరెంట్‌కి 4 అని ఉంటాయి. మంచి రౌటర్‌కి ఇవి ఇబ్బంది కాదు. నెట్ కంపెనీ ఉచితంగా బిగించి వెళ్లే డబ్బాకి మాత్రం భారమే. ప్రతి కనెక్షన్‌నీ అది ఒక పట్టికలో గుర్తుపెట్టుకోవాలి. దాని మీద పీర్లని వెతికిపెట్టే డీహెచ్‌టీ ఒకటి, ఊరూరా తిరిగే పోస్ట్‌మ్యాన్‌లా నిమిషానికి ఎంతోమందిని పలకరిస్తుంటుంది. ఆ పలకరింపుల్లో ప్రతిదీ పట్టికలో ఒక వరుసే. పట్టిక నిండిందంటే కొత్తవాళ్లకి చోటుండదు.

దీని లక్షణం బఫర్‌బ్లోట్ లక్షణంలా ఉండదు, అందుకే పోల్చుకోవచ్చు. మోగుతున్న పాట హాయిగా మోగుతూనే ఉంటుంది, పింగ్ కూడా బాగానే ఉంటుంది, కొత్త పేజీ తెరిస్తే మాత్రం డీఎన్‌ఎస్ దొరకలేదని బ్రౌజర్ చెబుతుంది. రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే గంటసేపు బాగుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. మొత్తం కనెక్షన్లు 200, టొరెంట్‌కి 50 చేయండి. దించే వేగం తగ్గుతుందన్న భయం వద్దు. సీడర్లు (పూర్తి ఫైలు దగ్గరుంచుకుని పంచేవాళ్లు) బాగా ఉన్న టొరెంట్‌కి 50 మంది చాలా ఎక్కువే. బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్‌ఎస్ ఆన్ చేయడం కూడా ఉపశమనమే. ప్రతి ప్రశ్నకీ కొత్త దారి తెరవకుండా, ఒకసారి తెరిచిన కనెక్షన్ మీదే అన్ని ప్రశ్నలూ వెళ్తాయి.

స్థితి పట్టీలో కనెక్షన్ బొమ్మ పచ్చగా కాకుండా పసుపుగా కనిపిస్తే, బయటివాళ్లు మిమ్మల్ని నేరుగా చేరలేకపోతున్నారని అర్థం. మన దగ్గర ఇళ్లకిచ్చే చాలా లైన్లు, ఎన్నో ఇళ్లు ఒకే చిరునామా పంచుకునే సీజీనాట్ పద్ధతి వెనక ఉంటాయి కాబట్టి ఇది మామూలే, రౌటర్‌లో పోర్టు తెరిచినా మారదు. పాటకి దీనితో సంబంధం లేదు.

యూటీపీ మర్యాద, దాని హద్దులు

టొరెంట్ ప్రపంచం ఈ సమస్యని గుర్తించలేదని కాదు. యూటీపీ పుట్టిందే దీనికోసం. తను పంపే ప్యాకెట్ల వల్ల ఆలస్యం పెరుగుతోందని గమనిస్తే తనంతట తనే వెనక్కి తగ్గే పద్ధతి ఇది. దాని వెనకున్న లెడ్‌బ్యాట్ లెక్క 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6817 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చింది, అది సహించే అదనపు ఆలస్యం 100 మిల్లీసెకన్లు. పాటకి అది పెద్ద లెక్క కాదు. కానీ మీ పీర్లలో కొందరు టీసీపీతో కలుస్తారు, టీసీపీకి ఈ సంకోచం లేదు. క్యూబిట్‌టొరెంట్ అడ్వాన్స్‌డ్ విభాగంలో యూటీపీ, టీసీపీ మిశ్రమ పద్ధతి అని ఒక వరుస ఉంటుంది. మామూలుగా ప్రిఫర్ టీసీపీ అని ఉంటుంది, దాన్ని పీర్ ప్రపోర్షనల్‌కి మార్చితే టీసీపీ కనెక్షన్లు తమ సంఖ్యకు తగ్గ వాటాకే కట్టుబడతాయి. ఇది సాయం మాత్రమే, అప్‌లోడ్ హద్దుకి బదులు కాదు.

పాటల స్ట్రీమింగ్‌కీ, కంప్యూటర్లు నేరుగా పంచుకునే పీర్ టు పీర్‌కీ పాత చుట్టరికమే. మ్యూటొరెంట్ అనే క్లయింట్‌ని రాసిన లుడ్విగ్ స్ట్రిగియస్ తర్వాత స్పాటిఫైకి పనిచేశాడు. 2014 దాకా స్పాటిఫై డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ శ్రోతల కంప్యూటర్ల మధ్యే పాటలు పంచేది. 2010లో ఆ కంపెనీవాళ్లు ప్రచురించిన పరిశోధన పత్రం ప్రకారం, వినిపించిన సంగీతంలో సర్వర్ల నుంచి వచ్చింది 8.8 శాతమే, 35.8 శాతం పీర్ల నుంచి, మిగతాది కంప్యూటర్‌లో అప్పటికే దాచిన కాపీ నుంచి. అంటే అప్పట్లో పాట వింటున్నవాళ్లే తెలియకుండా అప్‌లోడ్ చేసేవాళ్లు.

రౌటర్ మార్చుకునే స్థోమత ఉంటే ఇవన్నీ ఒక్క దెబ్బతో తీరతాయి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ నడిచే రౌటర్‌లో, ప్యాకెట్ల వరసని చక్కదిద్దే ఎస్‌క్యూఎమ్ ప్యాకేజీ వేసి, కేక్ అనే పద్ధతి ఎంచుకుని, వేగం గడుల్లో లైను వేగంలో 85 నుంచి 90 శాతం రాస్తే చాలు. చిన్న ప్రవాహాలకి వరసలో ముందు చోటు దొరుకుతుంది, టొరెంట్ క్లయింట్‌లో ఏ హద్దూ అక్కర్లేదు. పక్క గదిలో ఫోన్ నుంచి ఫొటోలు బ్యాకప్ అవుతున్నా పాట చెక్కుచెదరదు. ఆ మాటకొస్తే, టొరెంట్ ఆపేసినా పాట ఆగుతోందంటే మొదట అనుమానించాల్సింది ఆ ఫోన్ బ్యాకప్‌నే. రెండోది విండోస్ అప్‌డేట్‌లోని డెలివరీ ఆప్టిమైజేషన్. అదీ పీర్ టు పీరే, ఇంటర్నెట్‌లోని కంప్యూటర్లకూ పంచమనే ఎంపిక అందులో ఉంది.

తాబేలు మీట దగ్గర ఉచ్చు

హద్దులు ఎప్పుడూ ఉండాలని లేదు. రాత్రంతా పూర్తి వేగం, పగలు పాట వేళ తక్కువ వేగం కావాలంటే ప్రత్యామ్నాయ హద్దులు వాడుకోవచ్చు. కింది పట్టీలో వేగసూచి బొమ్మ నొక్కితే మారిపోతాయి. ఉచ్చు ఇక్కడే ఉంది. ఆ ప్రత్యామ్నాయ హద్దు మొదట్నుంచీ రెండు వైపులా 10 కేఐబీ అని ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని నొక్కి, డౌన్‌లోడ్ చచ్చిపోయిందనుకుని కంగారుపడతారు. ముందు స్పీడ్ విభాగంలో దాన్ని మీకు తగ్గ అంకెకి మార్చి, అప్పుడు మీట నొక్కండి. లైనులో సగం వదిలితే సరిపోతుంది. ట్రాన్స్‌మిషన్ అనే మరో క్లయింట్‌లో ఈ మీటకి తాబేలు బొమ్మ ఉంటుంది, అందులో మొదటి అంకె 50, కాస్త దయగలది. క్యూబిట్‌టొరెంట్ స్పీడ్ విభాగంలోనే ఈ మార్పుకి వేళలు, వారాలు కూడా పెట్టుకోవచ్చు.

క్యూబిట్‌టొరెంట్‌ని బ్రౌజర్ నుంచి నడిపించే వెబ్ యూఐ ఆన్ చేస్తే ఈ మీటని ఫోన్ బ్రౌజర్ నుంచి కూడా నొక్కొచ్చు. పోర్టు 8080. సంకేతపదం మీరే పెట్టుకోండి, ఇంటర్నెట్ వైపు తెరవకండి. ఒక్కమాట, వెర్షన్ 5.0లో పాజ్ అన్న పదం తీసేసి స్టాప్ అని పెట్టారు. పాత సలహాలు చదివి పాజ్ కోసం వెతక్కండి.

దిగుతున్న ఆల్బమ్‌నే వినాలంటే

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని లైవ్ మ్యూజిక్ ఆర్కైవ్ ఈ పనికి సరైన చోటు. కళాకారులు అనుమతి ఇచ్చిన కచేరీల రికార్డింగులు 2002 నుంచి అక్కడ పోగవుతున్నాయి. 2012 నుంచి ఆర్కైవ్ తన వస్తువులకి టొరెంట్ కూడా ఇస్తోంది. పేజీలోనే ప్లేయర్ ఉంది, పక్కనే టొరెంట్ లింకూ ఉంది. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ బ్యాండు సౌండ్‌బోర్డ్ (వేదిక మైకుల నుంచి నేరుగా తీసిన) రికార్డింగుల్లాంటివి మాత్రం బ్రౌజర్‌లో వినడానికే, దించుకోవడానికి కాదు.

ఆ టొరెంట్‌ని జోడించేటప్పుడు తొందరపడి ఓకే నొక్కకండి. ఒకే కచేరీ ఫ్లాక్, ఎంపీ3, ఆగ్ రూపాల్లో మూడుసార్లు అందులో ఉండొచ్చు. ఫైళ్ల జాబితాలో అక్కర్లేని రూపాల టిక్కులు తీసేస్తే బరువు బాగా తగ్గుతుంది. సీడర్లు ఎవరూ లేకపోయినా దిగుతుంది, ఆర్కైవ్ సర్వర్ వెబ్ సీడ్‌గా ఉంటుంది. హెచ్‌టీటీపీ సోర్సెస్ ట్యాబులో అది కనిపిస్తుంది.

వరస ప్రకారం దించు అనే ఎంపిక టొరెంట్ మీద కుడి మీట నొక్కితే దొరుకుతుంది. మామూలుగా బిట్‌టొరెంట్ గుంపులో అరుదుగా ఉన్న ముక్కని ముందు తెస్తుంది, అందుకే 60 శాతం దిగినా ఒక్క పాట కూడా పూర్తికాకపోవచ్చు. వరస పెడితే ఒకటో పాట, రెండో పాట అలా వస్తాయి. సీడర్లు ఇద్దరో ముగ్గురో ఉన్న పాత టొరెంట్‌కి మాత్రం ఇది వాడకండి. అందరూ మొదటి ముక్కలే పట్టుకుని కూర్చుంటే చివరి ముక్కలు ఎవరి దగ్గరా మిగలవు. ఫ్లాక్ పాట సెకనుకు సుమారు 110 కిలోబైట్లు అడుగుతుంది, దిగే వేగం దానికి రెండింతలుంటే వింటూ దించుకోవచ్చు.

పూర్తయిన ఫైల్‌ని నేరుగా బ్రౌజర్ ట్యాబులోకి లాగి వదిలితే మోగుతుంది. క్రోమ్ 56 నుంచి, ఫైర్‌ఫాక్స్ 51 నుంచి ఫ్లాక్‌ని కూడా చదువుతున్నాయి. సగం దిగిన ఫైల్‌తో చిక్కులున్నాయి. ఇంకా రాని ముక్కల చోట ఫైల్‌లో సున్నాలే ఉంటాయి, ప్లేయర్ అక్కడికి చేరగానే ఎగిరి దూకుతుంది లేదా ఆగిపోతుంది. ఎం4ఏ ఫైళ్లలో సూచిక చివర్లో ఉండొచ్చు, అప్పుడు చివరి ముక్క లేనిదే మొదటి సెకను కూడా మోగదు. అందుకే మొదటి, చివరి ముక్కలు ముందు దించు అనే టిక్కు కూడా పెట్టాలి. అసంపూర్ణ ఫైళ్లకి తోక పేరు తగిలించే ఎంపిక ఆన్‌లో ఉంటే బ్రౌజర్ అది పాట అని గుర్తుపట్టదు.

వెబ్ యూఐలో మాత్రం పాట వినే సదుపాయం లేదు. ఇది పెద్ద లోటే. మ్యూటొరెంట్ వెబ్ ఈ ఒక్క పనిలో ముందుంది, బ్రౌజర్‌లోనే దించుతూ వినిపిస్తుంది. కానీ ప్రకటనలు, ఇన్‌స్టాల్‌లో అంటగట్టే అదనపు సాఫ్ట్‌వేర్లు భరించాలి. 2018 ఫిబ్రవరిలో గూగుల్ భద్రతా పరిశోధన బృందం ప్రాజెక్ట్ జీరోకి చెందిన టావిస్ ఓర్మాండీ బయటపెట్టిన లోపం సంగతీ ఉంది. కంప్యూటర్‌లో అది నడిపే చిన్న సర్వర్‌ని ఏ వెబ్‌సైటైనా లోబరుచుకునే వీలుండేది. సరిచేశారు, అయినా బ్రౌజర్‌కీ టొరెంట్‌కీ మధ్య తలుపు తెరిచిపెట్టడం ఎంత సున్నితమైన పనో దానితో తెలిసింది. వెబ్‌టొరెంట్ పద్ధతి ఇంకోటి. అసలు క్లయింటే అక్కర్లేదు, ట్యాబే క్లయింట్. కాకపోతే ట్యాబు నుంచి, బ్రౌజర్ల మధ్య నేరుగా డేటా పంపే వెబ్‌ఆర్‌టీసీ పద్ధతి తెలిసిన పీర్లతోనే కలవగలదు, మామూలు గుంపులో చాలామంది దానికి కనబడరు.

నెట్‌వర్క్ బాగున్నా పాట తెగితే

ప్లేయర్ గీత చూడండి. గీత ఆగి చక్రం తిరుగుతుంటే తప్పు నెట్‌వర్క్‌ది, పైన చెప్పినవే మందులు. గీత ముందుకి సాగుతూనే ఉండి శబ్దం మాత్రం తెగుతుంటే వెతకాల్సిన చోటు వేరు.

ఒకటి మెమరీ, డిస్కు. లిబ్‌టొరెంట్ 2.0తో వచ్చే కూర్పు మెమరీ మ్యాప్ పద్ధతిలో ఫైళ్లు రాస్తుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ కంప్యూటర్‌లో అది మెమరీని ఆక్రమించి బ్రౌజర్‌ని డిస్కు మీదకి నెట్టేయొచ్చు. లిబ్‌టొరెంట్ 1.2 కూర్పు వేసుకోండి, లేదా అడ్వాన్స్‌డ్ విభాగంలో డిస్క్ ఐఓ రకాన్ని పోసిక్స్ కంప్లయంట్‌కి మార్చి సాఫ్ట్‌వేర్‌ని ఆపి తెరవండి. తిరిగే హార్డ్ డిస్కు ఉంటే, పాట వింటూ ఫోర్స్ రీచెక్ నొక్కకండి. 40 జీబీల టొరెంట్‌ని మొదటి నుంచి చివరిదాకా చదివే పని అది.

రెండోది బ్లూటూత్. ఎక్కువమంది దీన్ని అనుమానించరు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒకే గాలిని పంచుకుంటాయి, చాలా ల్యాప్‌టాప్‌లలో యాంటెన్నా కూడా ఒక్కటే. టొరెంట్ జోరుగా దిగుతున్నప్పుడు వైఫై ఆ గాలిని పూర్తిగా పట్టుకుంటుంది, ఇయర్‌ఫోన్లకి సందు దొరక్క చెవిలో పాట తునకలవుతుంది. తీగ ఇయర్‌ఫోన్ పెట్టి అయిదు నిమిషాలు వింటే తేలిపోతుంది. బ్లూటూతే కావాలంటే ల్యాప్‌టాప్‌ని రౌటర్‌లోని 5 గిగాహెర్ట్జ్ పేరుకి కలపండి, పాత 2.4 పేరుని ఫర్గెట్ కొట్టేయండి. లేకపోతే గోడ అవతలికి వెళ్లగానే మళ్లీ దాన్నే పట్టుకుంటుంది.